పిల్లల టెన్షన్‌ని మనమే పెంచుతున్నామా?

అందరికీ నమస్కారం. తల్లిదండ్రులు, టీచర్లతో పాటు పిల్లలు కూడా వచ్చారు కాబట్టి వాళ్ల గురించి వాళ్ల ముందే మాట్లాడాల్సి వస్తోంది, ఏమీ అనుకోకండి.

పరీక్ష ముందు గుండె దడదడలాడటం జబ్బు కాదు. ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అరచేతులు చెమట పడతాయి, కడుపులో తిప్పుతుంది. కొద్దిపాటి కంగారు చదువుకి పనికొస్తుంది కూడా. ఆ దడ రాకుండా ఉండాలని పిల్లలు పనినే మానేయడం మొదలుపెట్టారా, అక్కడ వస్తుంది అసలు ఇబ్బంది. క్లాసులో లేచి మాట్లాడాలంటే భయం, అందుకని ఆ రోజు పొద్దున్నే కడుపునొప్పి (నొప్పి నిజంగానే ఉంటుంది, నాటకం అనుకోకండి). సరేలే, ఇవాళ ఇంట్లోనే ఉండు అంటాం. కాసేపటికి నొప్పి తగ్గుతుంది, పిల్లకీ మనకీ హమ్మయ్య అనిపిస్తుంది. చిక్కంతా ఆ హమ్మయ్య దగ్గరే ఉంది. తప్పించుకుంటే హాయిగా ఉంటుందని మెదడు నేర్చేసుకుంటుంది, లేచి మాట్లాడినా కొంపేమీ మునగదని తెలుసుకునే అవకాశం మాత్రం దానికి దొరకదు, దాంతో వచ్చే వారానికి భయం ఇంకాస్త పెరుగుతుంది.

అలాగని లాక్కెళ్లి స్టేజీ మీద నిలబెట్టమనట్లేదు. ముందు ఒక్క ఫ్రెండు ముందు మాట్లాడనివ్వండి, తర్వాత నలుగురి ముందు, ఆ తర్వాత క్లాసులో. ఎంత చిన్న ప్రయత్నమైనా ఫర్వాలేదు, మధ్యలో పారిపోకుండా దడ కాస్త తగ్గేదాకా అక్కడే ఉండగలిగితే చాలు.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అని అందరూ అంటున్నది ఇక్కడే పనికొస్తుంది. 1990లో పీటర్ సలోవే, జాన్ మేయర్ అనే సైకాలజిస్టులు దీన్ని ఒక సామర్థ్యంగా వివరించారు: తనలోనూ ఎదుటివాళ్లలోనూ ఉన్న భావాలను గుర్తుపట్టడం, వాటిని బట్టి ఆలోచించి నడుచుకోవడం. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం వచ్చాక ఇది ఆఫీసు ట్రైనింగుల దాకా పాకింది, అక్కడ కొంచెం అతి అయిందనే నా ఉద్దేశం. ఎప్పుడూ నవ్వుతూ, నెమ్మదిగా ఉండే పిల్లకి ఇది బాగా ఉందని మనం అనుకుంటాం, కానీ ఆ పిల్ల లోపల అన్నీ దాచుకుంటూ ఉండొచ్చు. "నాకు లెక్కలంటే కాదు, తప్పు చేస్తే నాన్న మొహం చూడాలంటే భయం" అని చెప్పగలిగిన పిల్లాడే నా లెక్కలో ముందున్నాడు. అంతమాట చెప్పినవాడికి "ఏం కాదులే, టెన్షన్ పడకు" అనేసి మనం నోరు మూయించేస్తాం!

పిల్లలూ, మీకొకటి. గెరార్డో రామిరెజ్, సియాన్ బైలాక్ అనే సైకాలజిస్టులు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. పరీక్షకి ముందు 10 నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్నవాళ్లు, అందులోనూ టెన్షన్ బాగా పడేవాళ్లు, పరీక్ష మెరుగ్గా రాశారని తేలింది. అందరికీ పనిచేస్తుందని మాటివ్వను గానీ, ఒకసారి చేసి చూడండి. నిద్ర మాత్రం తగ్గించుకోకండి, మీ వయసుకి 8 నుంచి 10 గంటలు కావాలి.

ఇవన్నీ మామూలు కంగారుకి. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, స్నేహితుల్ని వదిలేసినా డాక్టరుకి చూపించండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఒక్కసారి అన్నా వారాలు ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి.