టెన్షన్ సరే, ఏ టెన్షన్?

[తెరపై: నల్గొండ గడియారం సెంటర్, ఉదయం ఏడున్నర. టీ బండి ముందు ఇంటర్ పిల్లల గుంపు, చేతుల్లో హాల్‌టికెట్లు, నోట్సు కాగితాలు.]

పరీక్షల కాలంలో మా కాలేజీలో రోజుకు యాభైసార్లు వినపడే మాట ఒకటుంది. "మేడమ్, టెన్షన్‌గా ఉంది."

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. పోయిన మార్చిలో సెకండియర్ అబ్బాయి ఒకడు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి అదే మాట అన్నాడు. దేవరకొండ వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటున్నవాడు. చదివింది గుర్తుండట్లేదేమో అనుకుని, "హార్మోన్ల చాప్టర్ మళ్లీ ఒకసారి చెప్పనా?" అని అడిగాను. వద్దన్నాడు. మరి దేనికిరా అంటే కాసేపు నేల చూశాడు.

"పేపర్ బుగులు కాదు మేడమ్. మా నాయిన పూణెల కూలి పని చేస్తుండు. రోజూ ఫోన్ చేస్తడు. ఫెయిలైతే ఆయన మొఖం ఎట్ల సూడాలె?"

వాడిది భయం అనుకుని నేను మందు వేయబోయాను. వాడిదేమో సిగ్గు. ఫలితాలు రాకముందే వచ్చి కూర్చున్న సిగ్గు. దానికి హార్మోన్ల చాప్టర్ ఏం పని చేస్తుంది! ఆ సాయంత్రం వాడి చేతే వాళ్ల నాయినకు ఫోన్ చేయించి, ఉన్నమాట చెప్పమన్నాను. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. వీడు మాత్రం ఫోన్ పెట్టేసి మెస్‌కు వెళ్లి అన్నం తిన్నాడు. రెండు రోజుల తర్వాత కడుపునిండా తినడం అదేనని వార్డెన్ చెప్పింది.

[తెరపై: మనిషి బొమ్మ. కిడ్నీల మీద చిన్న టోపీల్లా రెండు గ్రంథులు ఎర్రగా వెలుగుతాయి.]

ఇక్కడ నా సబ్జెక్టు కొంచెం చెప్పుకోనివ్వండి. కిడ్నీల నెత్తిన టోపీ పెట్టినట్టు కూర్చునే ఈ రెండూ అడ్రినల్ గ్రంథులు. సందులో కుక్క మీదికి ఉరికొచ్చిందనుకోండి. మెదడు లోపల బాదంగింజలా ఉండే అమిగ్డలా ముందు గంట కొడుతుంది. అమిగ్డలా అంటేనే గ్రీకు భాషలో బాదం. వెంటనే అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కాళ్లూ చేతుల కండరాలకు మళ్లుతుంది, తిన్నది అరగడం వెనక్కి పోతుంది. నోరు ఎండటం, కడుపులో తిప్పడం అందుకే. తిరగబడటానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఈ ఏర్పాటును 1915లోనే వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వివరంగా రాశాడు.

చిక్కెక్కడంటే, కుక్క వచ్చినా అదే గంట. అప్పు కట్టలేదని ఫోన్ వచ్చినా అదే గంట. అత్తగారు వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి చూసినా అదే! భయానికీ కోపానికీ అవమానానికీ గుండె ఒకేలా కొట్టుకుంటుంది. కాబట్టి దడను బట్టి లోపల ఉన్నది ఏమిటో చెప్పలేం. దడ వచ్చిన ప్రతిసారీ 'టెన్షన్' అనేసి ఊరుకుంటున్నాం.

[తెరపై: మణికట్టు దగ్గరగా. బొటనవేలి వైపు రెండు వేళ్లు.]

పేరు సంగతి తర్వాత, ముందు దడ సంగతి చూద్దాం. ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు, కుడిచేతి రెండు వేళ్లు ఆనించండి. నాడి తగిలిందా? ఇప్పుడు నిదానంగా గాలి పీల్చండి... వదలండి. మళ్లీ. పీల్చేటప్పుడు నాడి కొంచెం త్వరపడుతుంది, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిస్తుంది. చిన్నవాళ్లలో ఇది బాగా తెలుస్తుంది, వయసు మీదపడ్డవాళ్లకు అంతగా తెలియకపోవచ్చు. వేగస్ అనే నరం గుండెకు వేసే బ్రేకు ఇది. ఊపిరి వదిలేటప్పుడు ఆ బ్రేకు పడుతుంది. అందుకని నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. రెండు నిమిషాలు చాలు.

దీనితో కోపం పోదు. నోరు జారకుండా రెండు నిమిషాల గడువు దొరుకుతుంది, అంతే. ఊపిరికి లేనిపోని మహిమలు అంటగట్టే వీడియోలు బోలెడున్నాయి, అవి కావాలంటే అక్కడే చూడండి.

[తెరపై: నల్లబల్ల. సుద్దముక్కతో ఒక్కో మాట రాస్తూ.]

ఇక పేర్లు. మా నాయనమ్మకు టెన్షన్ అనే మాట తెలియదు. అది లేకుండానే ఆమె డెబ్బై ఏళ్లకు పైగా బతికింది, అన్ని బాధలూ పడింది, ఒక్కోదాన్నీ ఒక్కో పేరుతో పిలిచింది.

బుగులు. ముందు ఏదో జరగబోతోందన్న భయం. బుగులుకు తెలియనితనమే మేత. అందుకే తెలుసుకుంటే సగం తగ్గుతుంది. ఆసుపత్రి రిపోర్టు కవర్లో పెట్టుకుని వారం రోజులు తిరిగేవాళ్లను చూడండి, ఆ కవరు విప్పిన రోజు కంటే విప్పని రోజులే వాళ్లకు నరకం.

రంది. పోయినదాని గురించో, దూరంగా ఉన్నవాళ్ల గురించో పడే దిగులు. పాలమూరు ఊళ్లలో కొడుకూ కోడలూ బొంబాయి బస్సెక్కిన సాయంత్రం, చిన్నపిల్లలతో ఇంటి దగ్గర మిగిలిపోయిన ముసలివాళ్ల ముఖాల్లో ఉండేది ఇదే. రందికి సలహా పనికిరాదు, పక్కన మనిషి కావాలి. ఇదే రంది నెలల తరబడి పాతుకుపోయి మనిషిని తినేస్తుంటే దాన్ని మనాది అన్నారు. "మనాదితోని మంచం పట్టిండు" అంటే మనసు బాధ ఒంటికి దిగిందని వాళ్లకు తెలుసన్నమాట.

యాష్ట అంటే విసిగి వేసారిపోవడం. దానికి కావలసింది విశ్రాంతి. నారాజ్ అంటే మనవాళ్లనుకున్నవాళ్లు పట్టించుకోలేదన్న నొప్పి. దానికి మందు ఎదురుగా కూర్చుని అడగడమే. పెళ్లిపత్రిక ఇవ్వలేదని నారాజై పదేళ్లు మాట్లాడుకోని అన్నదమ్ములు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఆ పత్రిక పోస్టులో పోయిందట!

ఇక ఇజ్జత్, అంటే పరువు. మా వైపు అన్నిటికంటే లోతుగా దిగేది ఇదే. ఇది తన పేరుతో ఎప్పుడూ బయటికి రాదు, కోపం వేషం కట్టుకుని వస్తుంది.

[తెరపై: బత్తాయి తోట. ఎండిన కొమ్మలు, పాదుల్లో పగుళ్లు. ట్యాంకరు పైపు.]

మా పెద్దనాన్నది నార్కట్‌పల్లి అవతల ఐదెకరాల బత్తాయి తోట. ఒక ఏడు ఫిబ్రవరిలోనే బోరు ఎండిపోయింది. ఇంకోటి వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పదేళ్ల చెట్లు కళ్ల ముందే వడిలిపోతుంటే చూడలేక ట్యాంకర్లు తెప్పించి పోయించాడు. ఆ వేసవి ఆయన నోటికి ఎవరూ ఎదురుపోలేదు. చెప్పు కనపడకపోతే అరుపు, చాయ్‌లో చక్కెర ఎక్కువైతే అరుపు. ముసలితనం, గుస్సా ఎక్కువైందని మేం పక్కకు తప్పుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ అరుగు మీద చింతపండు కొడుతోంది. రాయి మీద కాయ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ, గింజ అటు, పండు ఇటు. పెద్దనాన్న మనవడి మీద ఏదో అరిచాడు. పెద్దమ్మ తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు.

"అయ్యా, నీది గుస్సా కాదు. అప్పులోళ్లు ఊళ్లె అడుగుతరని, ఇజ్జత్ పోతదని బుగులు. పోరని మీద ఒర్లితే బోరుల నీళ్లొస్తయా?"

సుత్తి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు కాసేపు. తర్వాత ఆయన ఆమె పక్కన చతికిలబడి, పొట్టు పోని చింతకాయ ఒకటి తీసుకుని, గోటితో పెచ్చు ఊడదీస్తూ మెల్లగా ఒక అంకె చెప్పాడు. మూడు చోట్ల తెచ్చిన అప్పు మొత్తం. అప్పటిదాకా ఆ అంకె ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మరుసటి వారం అప్పిచ్చినవాళ్ల దగ్గరికి పెద్దకొడుకు కూడా ఆయనతో వెళ్లాడు. అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. అరుపులు మాత్రం ఆ నెలలోనే తగ్గాయి.

[తెరపై: మెదడు బొమ్మ. నుదుటి వైపు ఒక భాగం వెలుగుతుంది, లోపలి బాదంగింజ మసకబారుతుంది.]

పెద్దమ్మ చేసిన పనికి ప్రయోగశాలలో కూడా సాక్ష్యం ఉంది. 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. స్కానర్‌లో పడుకున్నవాళ్లకు కోపంగా, భయంగా ఉన్న ముఖాల ఫొటోలు చూపించారు. కొన్నిసార్లు ఆ ముఖంలో ఉన్నది కోపమా భయమా అని మాట ఎంచుకోమన్నారు. కొన్నిసార్లు ఆ ముఖానికి సరిపోయే మనిషి పేరు, అంటే ఆడపేరో మగపేరో, ఎంచుకోమన్నారు. మనిషి పేరు పెట్టినప్పటి కంటే, భావానికి పేరు పెట్టినప్పుడు అమిగ్డలా జోరు తగ్గింది, నుదుటి వెనక కుడివైపున ఒక భాగం చురుకైంది.

మనకు ఇది కొత్త కాదు. భరతుడి నాట్యశాస్త్రంలో మనసులో నిలిచి ఉండే స్థాయీభావాలు 8, వచ్చిపోయే సంచారీ భావాలు 33. ఆ 33లో అవహిత్థ అని ఒకటుంది, అంటే లోపల ఉన్నదాన్ని పైకి తెలియకుండా దాచడం. దాచడాన్ని కూడా ఒక భావంగా లెక్కేశారు చూడండి! మనమేమో మొత్తం పద్దును ఒక్క టెన్షన్ ఖాతాలో రాసేస్తున్నాం.

[తెరపై: మాట్లాడేవారు నేరుగా కెమెరా వైపు.]

ఇక్కడ మీకు రెండు అనుమానాలు రావచ్చు. మొదటిది, పేర్లూ గీర్లూ ఎందుకు, పట్టించుకోకపోతే పోదా అని. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దని చెప్పిన వైద్యుడి కథ మీకు తెలుసు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు అదే పని చేశాడు, కోతికి బదులు తెల్ల ఎలుగుబంటితో. దాన్ని తలుచుకోవద్దు, తలపుకొస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత 'ఇక తలుచుకోండి' అంటే, మొదటి నుంచీ తలుచుకున్నవాళ్ల కంటే అణచిపెట్టినవాళ్లకే ఎక్కువగా వచ్చింది.

రెండోది, కక్కేస్తే కడుపు చల్లబడుతుందని. ఇది మనందరం నమ్మేదే. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించాడు. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ సంచిని గుద్దినవాళ్లకు కోపం పెరిగింది, ఊరికే కూర్చున్నవాళ్లకు తక్కువగా ఉంది. మా పెద్దనాన్న వేసవంతా సంచిని గుద్దినట్టే అరిచాడు, ఏం తగ్గింది?

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నీతులు చెప్పినట్టుంటుంది. మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. మా చిన్నమ్మ కూతురికి అంతకు నెల ముందే గురుకులంలో ఉద్యోగం వచ్చింది, వనపర్తి వైపు పోస్టింగ్. అందరూ దాని చుట్టే. నేనేమో పదకొండేళ్లుగా ప్రైవేటు కాలేజీలో చెప్తున్నాను, ఆ నెల జీతం కూడా ఇంకా పడలేదు. నవ్వుతూనే ఫొటోలు దిగాను. ఇంటికొచ్చి గ్యాస్ బుక్ చేయలేదని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. రెండు రోజులు 'ప్రయాణం బడలిక' అన్నాను. మూడో రోజు బట్టలు ఆరేస్తుంటే తట్టింది, ఇది కండ్లమంట, అంటే అసూయ. ఆ మాట నా గురించి నేను అనుకోవడానికే సిగ్గేసింది.

కానీ కండ్లమంట ఊరికే రాదు. మా ఎదురింటి వాళ్లు పెద్ద కారు కొంటే నాకేమీ అనిపించలేదు. దీని ఉద్యోగానికే మండింది. అంటే ఆ పరీక్ష రాయాలన్న కోరిక నాలో ఇంకా చావలేదు. చెల్లెలికి ఫోన్ చేసి నోట్సు అడిగాను. "అక్కా, నువ్వు అడుగుతవని పక్కకు పెట్టిన" అంది. నోట్సు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. సగం చదివాను.

[తెరపై: నల్లటి తెర మీద తెల్లని అంకెలు: 14416]

ఒక్క మాట మాత్రం నవ్వులాట కాదు. నిద్ర, తిండి దెబ్బతిని, ఇష్టమైన పని మీద కూడా మనసు పోక, దాదాపు రోజూ ఇలాగే రెండు వారాలు గడిస్తే అది పేరు పెట్టుకుని ఇంట్లో సర్దుకునే బాధ కాదు. డాక్టరుకు చూపించాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి. 14416కు ఫోన్ చేయవచ్చు. ఇది 2022 అక్టోబర్ 10న ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. పక్కింట్లో పురుగుమందు డబ్బా ఉన్న మనిషి మౌనంగా ఉంటే, ఆ డబ్బాను తీసి దూరంగా పెట్టడం కూడా వైద్యమే.

[తెరపై: మళ్లీ అరుగు. సాయంత్రపు ఎండ.]

అన్నీ ఇంత లోతైనవే అనుకోవద్దు. నిద్ర చాలకపోయినా, వేళకు తినకపోయినా మనిషి చిరచిరలాడతాడు. మొన్న సంక్రాంతికి పెద్దనాన్న వాళ్లింటికి వెళ్లాం. తోటలో ఇప్పుడు సగమే బత్తాయి, మిగతా సగం పత్తి. ఆయన బయటి నుంచి వస్తూనే గేటు దడాలున వేశాడు. పెద్దమ్మ గారెల పిండి చేత్తోనే బయటికి వచ్చింది.

"ఏందయ్యా, గుస్సానా, రందినా?"

పెద్దనాన్న ఆమె చేతిలోని పిండి వైపు చూశాడు.

"ఆకలే."