గైడ్ రాసిన మనిషి పేరు ఎక్కడ?

ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకున్నారనుకోండి. గైడ్ తెరిచారు, అందులో చెప్పినట్టే చేశారు, పది నిమిషాల్లో పనైపోయింది. అప్పుడు మీ నోట వచ్చే మాట ఏంటి? "సాఫ్ట్‌వేర్ భలే ఉంది" అంటారు. ఆ గైడ్‌ని ఒక మనిషి కూర్చుని రాశారన్నది గుర్తుకే రాదు. టెక్నికల్ రైటర్ల కష్టమంతా ఇక్కడే ఉంది, పని ఎంత బాగా చేస్తే అంతగా కనపడకుండా పోతాం.

నాకు జరిగింది చెప్తాను. ఒక గైడ్‌లో నాలుగో స్టెప్ ఇలా ఉండేది: "టోకెన్‌ను సరిగ్గా కాన్ఫిగర్ చేయండి." అంతే. టోకెన్ అంటే సాఫ్ట్‌వేర్ మనల్ని గుర్తుపట్టడానికి వాడే రహస్య కోడ్. సరిగ్గా అంటే ఎలా? ఏ ఫైల్లో? ఏమీ లేని ల్యాప్‌టాప్ ఒకటి తీసుకుని మొదటి నుంచి చేసుకుంటూ వెళ్తే సరిగ్గా అక్కడే ఆగిపోయాను, ఎందుకంటే అడ్మిన్ పర్మిషన్ లేకపోతే టోకెన్ సేవ్ అవ్వట్లేదు, పైగా ఎర్రర్ కూడా రావట్లేదు. డెవలపర్‌కి చాట్‌లో చెప్పాను, ఆయన సరిచేశారు. నేను ఆ ఒక్క లైన్ తీసేసి మూడు రాశాను: ఏ ఫైల్ తెరవాలి, ఎక్కడ పేస్ట్ చేయాలి, అయ్యాక స్క్రీన్ మీద ఏం కనపడాలి. రిలీజ్ రోజు మెయిల్లో అందరి పేర్లూ వచ్చాయి, నా పేరు తప్ప. చాలా బాధేసింది.

ఇది ఇవాళ్టి సంగతి కూడా కాదు. 1949లో బైనాక్ అనే కంప్యూటర్‌కి యూజర్ మాన్యువల్ రాసింది జోసెఫ్ చాప్లిన్. ఆ మెషీన్ తయారుచేసిన ఎకర్ట్, మాక్లీల పేర్లు కంప్యూటర్ చరిత్ర చదివిన వాళ్లందరికీ తెలుసు, చాప్లిన్ పేరు మాత్రం మా వృత్తిలో ఉన్నవాళ్లలోనే చాలామంది విని ఉండరు. ఇక 1953 నుంచి ఉన్న టెక్నికల్ రైటర్ల సంఘం, సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్, 2025 జనవరిలో మూతపడింది. మాకు పెద్ద దిక్కు అనుకున్నది కూడా పోయింది.

అందుకే రైటర్లకు నా మొదటి మాట: దొరికిన తప్పుని నోటిమాటగానో చాట్‌లోనో చెప్పి వదిలేయకండి. తప్పులు నమోదు చేసే ట్రాకర్‌లో మీ పేరుతో టికెట్ వేయండి. చాట్‌లో చెప్పింది వారానికి ఎవరికీ గుర్తుండదు, టికెట్ మాత్రం ఏడాది తర్వాత వెతికినా దొరుకుతుంది. ఇంకోటి, పేజీ మార్చే ముందు సపోర్ట్ టీమ్‌ని అడిగి ఆ విషయం మీద నెలకి ఎన్ని ప్రశ్నలు వస్తున్నాయో రాసి పెట్టుకోండి, మార్చాక మళ్లీ అడగండి. రాని ప్రశ్నని ఎవరూ లెక్కపెట్టరు, అది మనమే లెక్కపెట్టి చూపించాలి.

డెవలపర్లూ, మీరు చేయగలిగింది చాలా చిన్నది. గిట్‌లో కోడ్ మార్పుని సేవ్ చేసేటప్పుడు రాసే కమిట్ మెసేజ్ చివర "కో-ఆథర్డ్-బై" అని ఒక లైన్ కలిపితే రైటర్ పేరు కూడా రికార్డులో ఉంటుంది. మేనేజర్లేమో డిజైన్ మీటింగ్‌కి రైటర్‌ని మొదటి రోజే పిలవండి, రిలీజ్‌కి రెండు రోజుల ముందు కాదు. ఒక ఫీచర్‌ని మాటల్లో వివరించలేకపోతున్నామంటే చాలాసార్లు లోపం ఆ ఫీచర్‌లోనే ఉంటుంది, అది ముందు పసిగట్టేది రైటరే.

ఇక గైడ్ చదివేవాళ్లకి ఒక్కటే అడుగుతున్నాను. చాలా పేజీల కింద "ఇది ఉపయోగపడిందా?" అని ఉంటుంది చూడండి, ఈసారి అది నొక్కి ఏ స్టెప్ దగ్గర పని తేలికైందో ఒక్క లైన్ రాయండి. అలాంటి లైన్లను మేం దాచుకుంటాం, అప్రైజల్ మీటింగ్‌కి పట్టుకెళ్తాం.