లింకు పంపే ముందు దాని రూపం చూపించే టూల్: వ్యాపార బ్లాగుల ప్రచారంపై తిరుపతి నుండి నా సమీక్ష

నమస్కారం. వ్యాపార సంస్థలు తమ బ్లాగులలో ప్రచురించే వ్యాసాలను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, లింక్డ్‌ఇన్, ఎక్స్ వంటి వేదికల మీదికి ఒకే చోటి నుండి పంపించే ఒక టూల్‌ను ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. దాని పేరు, నెలసరి రుసుము తెర మీద కనిపిస్తున్నాయి. ముందుగా చెప్పవలసిన విషయం ఒకటుంది. ఈ టూల్‌ను తయారు చేసిన సంస్థ నాకు ఒక సంవత్సరం చందాను ఉచితంగా ఇచ్చింది. డబ్బు ఇవ్వలేదు, ఈ వీడియోను ముందుగా చూడలేదు, ఏం చెప్పాలో సూచించలేదు. అయినా ఉచితంగా అందిన వస్తువు గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి ప్రేక్షకులకు స్పష్టంగా తెలియాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2021లో మార్గదర్శకాలు విడుదల చేసింది. అందువల్ల ఆ ప్రకటన వీడియో పొడవునా మీకు పై మూలన కనిపిస్తూనే ఉంటుంది.

ఎన్ని ఖాతాలు కలుపుకోవచ్చు, నెలకు ఎన్ని పోస్టులు షెడ్యూల్ చేసుకోవచ్చు, ఏ ప్యాకేజీలో ఎంతమందికి లాగిన్ ఇస్తారు వంటి వివరాలను మీరు ఇప్పటికే వేరే ఛానళ్లలో చూసి ఉంటారు కాబట్టి నేను వాటి జోలికి వెళ్లడం లేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వస్త్రాలు అమ్మే ఒక కుటుంబానికి, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తయారు చేసే ఒక యూనిట్‌కు, తిరుపతిలో యాత్రికులకు గదులు అద్దెకిచ్చే ఒక లాడ్జికి నేను బ్లాగు వ్యాసాలు రాసి, వాటిని నలుగురి దృష్టికి తీసుకువెళ్లే పని చేస్తుంటాను. ఈ మూడు చోట్లా ఈ టూల్‌ను వాడి చూసిన తరువాతే ఇప్పుడు మాట్లాడుతున్నాను.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చినది ప్రివ్యూ తెర. మనం ఒక లింకును ఎక్కడైనా పెట్టినప్పుడు దాని కింద ఒక బొమ్మ, ఒక శీర్షిక, రెండు వాక్యాల పరిచయం కలిసి చిన్న కార్డులాగా కనిపిస్తాయి కదా. ఆ కార్డు ఎలా ఉండాలో చెప్పే సూచనలు వెబ్ పేజీ లోపల దాగి ఉంటాయి. ఓపెన్ గ్రాఫ్ అనే ఆ పద్ధతిని ఫేస్‌బుక్ 2010లో ప్రవేశపెట్టింది, తరువాత మిగతా వేదికలు కూడా దానినే చదవడం మొదలుపెట్టాయి. ఒకే పేజీని చదివినా ఒక్కొక్క వేదిక కార్డును ఒక్కొక్క విధంగా చూపిస్తుంది. ఒకచోట బొమ్మ వెడల్పుగా వస్తుంది, ఇంకొకచోట చతురస్రంగా కత్తిరించబడుతుంది, వేరొకచోట శీర్షిక సగంలో ఆగిపోతుంది. ఈ టూల్‌లో లింకును అతికించగానే అన్ని వేదికల కార్డులూ పక్కపక్కనే కనిపిస్తాయి. బొమ్మ లేకపోయినా, పరిచయ వాక్యం ఖాళీగా ఉన్నా, పోస్టు చేయక ముందే ఎర్ర గీతతో హెచ్చరిస్తుంది.

కలంకారీ దుకాణం పనిలో ఈ తెర విలువ ఏమిటో మీకు చూపిస్తాను. శ్రీకాళహస్తి కలంకారీలో గోడకు వేలాడదీసే చిత్రాలు ఎక్కువగా నిలువుగా ఉంటాయి. లింకు కార్డుకు ఫేస్‌బుక్ సూచించే కొలత 1200 పిక్సెళ్ల వెడల్పు, 630 పిక్సెళ్ల ఎత్తు. నిలువుగా ఉన్న వస్త్రాన్ని అడ్డంగా ఉన్న ఆ చట్రంలో పెడితే, కత్తిరింపు నేరుగా మధ్యలో పడి దేవతామూర్తి కిరీటం పైన, పాదాలు కింద పోతాయి. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డను నానబెట్టి, బెల్లమూ ఇనుమూ ఊరబెట్టిన నల్లని సిరాతో కలం పట్టి గీసి, పటికతో ఎర్ర రంగు పట్టించి, ఉతికి ఆరబెట్టి, ఇంత శ్రమతో తయారైన బొమ్మ తల లేకుండా వందల ఫోన్లలోకి వెళ్లడం నేను చూడలేను. ఈ టూల్‌లో కత్తిరింపు చట్రాన్ని వేలితో జరిపి, ముఖమూ చేతుల ముద్రలూ కనిపించే భాగాన్ని ఎంచుకోవచ్చు. వేదికకు ఒక చట్రం చొప్పున విడివిడిగా ఎంచుకోవచ్చు. కలంకారీ వారికి ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఇది కావాలని నేను పట్టుబట్టాను.

కార్డు గురించి ఇంతసేపు మాట్లాడటానికి తిరుపతిలో ఇంకొక కారణం కూడా ఉంది. దర్శన టికెట్లు, గదుల పేరుతో నడిచే నకిలీ వెబ్‌సైట్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలని తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులను పలుమార్లు హెచ్చరించింది. అందువల్ల ఈ ఊరి లాడ్జి నుండి బొమ్మా పేరూ లేని ఒట్టి లింకు వస్తే, చదివేవారు అనుమానించడం సహజం, అనుమానించాలి కూడా. అలిపిరి మార్గంలో 3,550 మెట్లు ఉంటాయని, శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లు ఉంటాయని, పెద్దవారితో వచ్చే కుటుంబాలు ఏ దారిని ఎంచుకుంటే మంచిదని మేము లాడ్జి బ్లాగులో ఒక వ్యాసం రాశాము. ఎంతో ఉపయోగపడే ఆ వ్యాసాన్ని తెరవాలంటే ముందు ఆ లింకు మీద నమ్మకం కుదరాలి. లాడ్జి పేరు, భవనం ఫొటో, వ్యాసాన్ని సవరించిన తేదీ కార్డులోనే కనిపిస్తే ఆ నమ్మకం కుదురుతుంది. తేదీని ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, దర్శన నియమాలు మారుతూ ఉంటాయి. పాత వ్యాసం గ్రూపులలో తిరుగుతూ ఉంటే, దానిని నమ్మి ప్రయాణం కట్టుకున్న కుటుంబం ఇక్కడికి వచ్చాక ఇబ్బంది పడుతుంది. ఈ టూల్‌లో పరిచయ వాక్యం మొదట్లోనే తేదీ చేర్చే వీలుంది. దీనిని ప్రతి లాడ్జీ, ప్రతి ట్రావెల్స్ వారూ తప్పనిసరిగా వాడుకోవాలి.

వాట్సాప్ సంగతి వేరు. మన ప్రాంతంలో వ్యాపార వ్యాసాలు నిజంగా చేతులు మారేది అక్కడే అని నేను గట్టిగా నమ్ముతాను. ఫేస్‌బుక్ లింకును తన సర్వర్ ద్వారా ఒకసారి చదివి దాచుకుంటుంది కాబట్టి, పేజీలో బొమ్మ మార్చిన తరువాత ఈ టూల్‌లో ‘మళ్లీ చదివించు’ అనే మీట నొక్కితే కొత్త బొమ్మ వస్తుంది. వాట్సాప్‌లో అలా కాదు. కార్డు పంపేవారి ఫోన్‌లోనే తయారై, సందేశంతో పాటు వెళ్లిపోతుంది. లింకు అతికించిన వెంటనే తొందరపడి పంపిస్తే కార్డు లేకుండానే వెళ్తుంది, ఆ తరువాత మనం పేజీలో ఎన్ని మార్పులు చేసినా పంపిన సందేశం మారదు. కాబట్టి దుకాణంలో ఫోన్ ఎవరి చేతిలో ఉన్నా సరే, కార్డు పూర్తిగా కనిపించే వరకు ఆగి పంపాలని వారికి నేర్పించండి. మామూలు వాట్సాప్ గ్రూపులలోకి బయటి షెడ్యూలింగ్ టూళ్లు తమంతట తాము పోస్టు చేయడాన్ని వాట్సాప్ అనుమతించదు. ఈ టూల్ కూడా సమయానికి ఫోన్‌కు గుర్తుచేసే నోటిఫికేషన్ పంపి, సందేశాన్ని కాపీ చేసి ఇస్తుంది, పంపవలసింది మనమే. అడ్డదారిలో గ్రూపులకు పంపిస్తామని చెప్పే ఇతర టూళ్లను నమ్మితే నంబరే నిలిచిపోయే ప్రమాదం ఉంటుంది. దుకాణం బోర్డు మీద రాసిన నంబరును అలా పోగొట్టుకోవడం ఏ వ్యాపారికీ మంచిది కాదు.

ఇక నాకు కోపం తెప్పించిన విషయానికి వస్తాను. ఈ టూల్ శీర్షికను కుదించే పద్ధతి తెలుగుకు అన్యాయం చేస్తోంది. శ్రీకాళహస్తి అనే పేరును మనం చదివితే ఐదు అక్షరాలు. కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను గుర్తించడానికి వాడే యూనికోడ్ లెక్కలో శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం ఇలా విడివిడిగా మొత్తం పన్నెండు సంకేతాలు. ఈ టూల్ ఆ సంకేతాలను లెక్కపెట్టి, పరిమితి ఎక్కడ వస్తే అక్కడ తెగగొట్టి మూడు చుక్కలు పెడుతుంది. దానితో శీర్షిక చివర ‘శ్రీకాళహస్’ అని వింత ముగింపుతో, సగం తెగిన సంయుక్తాక్షరంతో కార్డు తయారవుతుంది. చిత్తూరు అనే పేరు ‘చిత్’ దగ్గర ఆగిపోతుంది. తెలుగు యూనికోడ్ మొదటి సంచికలోనే, అంటే 1991 నుండే ఉంది. అక్షరం పూర్తయ్యే చోట మాత్రమే తెంచాలనే నియమాలు కూడా యూనికోడ్ ప్రమాణాలలో ఉన్నాయి. వాటిని పాటించడం ఈ స్థాయి సంస్థకు కష్టమైన పని కాదు. ఒక ఊరి పేరును, ఒక దైవక్షేత్రం పేరును సగంలో విరిచి ప్రకటించడం చదివేవారి మనసును నొప్పిస్తుంది, దుకాణం మీద గౌరవాన్ని తగ్గిస్తుంది. ఈ విషయాన్ని బొమ్మలతో సహా ఆ సంస్థకు రాశాను. పరిశీలిస్తామని జవాబు వచ్చింది, ఈ వీడియో రికార్డు చేసే నాటికి మార్పు రాలేదు.

ఇలాంటిదే వెబ్ చిరునామాల విషయం, దీనికి టూల్‌ను తప్పుపట్టలేము. బ్లాగు వ్యాసం చిరునామాలో తెలుగు అక్షరాలు పెడితే, కాపీ చేసినప్పుడు అవి శాతం గుర్తులూ అంకెలూ కలిసిన పొడవైన వరుసగా మారిపోతాయి. ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లు, ఒక్కొక్క బైటుకు మూడు గుర్తులు. ఆ లెక్కన ‘తిరుపతి’ అనే ఒక్క మాటే 63 గుర్తులు అవుతుంది. శీర్షికను తెలుగులో ఉంచి, చిరునామాను మాత్రం చిన్న ఇంగ్లిషు మాటలతో పెట్టుకోండి.

గతంలో నేను వాడిన టూళ్లతో పోల్చి చెప్పమని చాలామంది అడిగారు. ట్వీట్‌డెక్ ఉచితంగా ఉన్న రోజుల్లో నాకు అది ఎంతో ఇష్టం. 2023లో అది డబ్బు కట్టేవారికి మాత్రమే పరిమితమైంది. హూట్‌సూట్ ఉచిత ప్లాన్ కూడా అదే సంవత్సరం ముగిసింది. అప్పటి నుండి చిన్న దుకాణాలకు నేను సూచిస్తున్నది మెటా బిజినెస్ సూట్. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండే చాలునని అనుకునేవారికి అది ఉచితంగా షెడ్యూల్ చేసి పెడుతుంది. చిత్తూరు మామిడి గుజ్జు యూనిట్‌కు మాత్రం అది సరిపోలేదు. తోతాపురి గుజ్జును డ్రమ్ముల లెక్కన కొనే ఎగుమతిదారులు, పానీయాల కంపెనీల కొనుగోలు అధికారులు లింక్డ్‌ఇన్‌లో ఉంటారు. కాయ కోతకు వచ్చే ముందే, ఈ ఏడాది గుజ్జు తీపి శాతం, ప్యాకింగు, నిల్వ గురించి రాసిన వ్యాసం వారి కంట పడాలి. ఆ వ్యాసం ఇన్‌స్టాగ్రామ్‌లో ఎంత అందంగా పెట్టినా ప్రయోజనం తక్కువ, పైగా అక్కడ క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు.

వ్యాసాన్ని చదివి తానే క్యాప్షన్ రాసిపెట్టే కృత్రిమ మేధ సౌకర్యం కూడా ఇందులో ఉంది. తెలుగులో అది రాసే వాక్యాలు మన వాక్యాలలాగా లేవు. దానిని నేను ఆపి ఉంచాను.

లెక్కల భాగం బాగుంది. వాట్సాప్ నుండి వచ్చిన పాఠకులు ఎక్కడి నుండి వచ్చారో, వెబ్‌సైటుకు వచ్చేవారిని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌కు సాధారణంగా తెలియదు, వారందరినీ ‘డైరెక్ట్’ అనే ఒకే పద్దులో చేరుస్తుంది. అందువల్ల దుకాణదారులు వాట్సాప్ వల్ల ఏమీ రావడం లేదని పొరబడతారు. లింకు చివర, పాఠకుడు ఎక్కడి నుండి వచ్చాడో చెప్పే యూటీఎం గుర్తులు చేరిస్తే ఆ చిక్కు తీరుతుంది. చేత్తో ప్రతిసారీ చేర్చడం ఎవరూ చేయరు. ఈ టూల్ ప్రతి వేదికకూ, ప్రతి గ్రూపుకూ వేరు గుర్తును తానే చేరుస్తుంది. చేతిగీత కలంకారీకీ అచ్చు వేసిన గుడ్డకూ తేడా ఎలా గుర్తుపట్టాలో వివరించిన వ్యాసానికి పాఠకులు ఎక్కువగా చీరల గ్రూపుల నుండి వస్తున్నారని ఆ కుటుంబానికి ఇలాగే తెలిసింది. తరువాతి వ్యాసాలను వారు ఆ గ్రూపులలోని ప్రశ్నల నుండే ఎంచుకుంటున్నారు.

నా నిర్ణయం చెబుతాను. ఒకే దుకాణం, ఒకే ఫేస్‌బుక్ పేజీ ఉన్నవారు దీనికి డబ్బు పెట్టవద్దు, మెటా వారి ఉచిత టూల్ చాలు. రెండు మూడు వ్యాపారాల బ్లాగులు చూసుకునేవారు, బొమ్మే ప్రాణమైన చేనేత, కలంకారీ, కొయ్యబొమ్మల వ్యాపారులు తప్పకుండా తీసుకోండి. అక్షరాలను తెంచే లోపం ఉన్నా నేను ఈ మాట చెబుతున్నది కేవలం ఆ ప్రివ్యూ తెర వల్లనే. ఏడాది చందా మాత్రం ఇప్పుడే కట్టకండి, నెల చందాతో మొదలుపెట్టండి. ఆ లోపం సరిచేసే వరకు ఊరి పేరును శీర్షిక మొదట్లో పెట్టి, శీర్షికను కురచగా రాసుకోండి. మీ దుకాణం లింకు కార్డులో అక్షరాలు తెగి కనిపిస్తే ఆ తెర ఫొటోను వారి సహాయ కేంద్రానికి తెలుగులోనే రాసి పంపండి. ఒక్కడి ఫిర్యాదు కంటే పదిమంది వ్యాపారుల ఫిర్యాదును ఆ సంస్థ త్వరగా పట్టించుకుంటుంది.