ఓడ చెరగకుండా మంగలి కత్తికి తుప్పు వదిలించడం

(కత్తి కెమెరాకు దగ్గరగా)

మొన్న మళ్ళీ అలాంటి వీడియోనే కంటబడింది. పాత మంగలి కత్తి, దాని చెంప మీద, అంటే రేకు పక్కభాగం మీద, సన్నటి గీతల్లో తెరచాప ఓడ. ఎమరీ పేపర్ తీసుకుని రుద్దారు, రుద్దారు. కత్తి అద్దంలా మెరిసింది. ఓడ పోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది. తుప్పు వదలాలంటే బొమ్మ పోవాల్సిందే అనుకుంటున్నారు చాలామంది. అక్కర్లేదండీ!

నా చేతిలోది జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ కత్తి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చేశారు. పిడి దగ్గర, ఈ మెడ మీద నక్షత్రం, మాల్టా శిలువ ఉన్నాయి చూడండి, అది వాళ్ళ గుర్తు. చెంప మీద ఓడ.

ఈ గుర్తు వేరు, ఈ ఓడ వేరు. మా అమ్మమ్మ ఇత్తడి చెంబు మీద పేరు ఉండేది, చుక్కలు చుక్కలుగా కొట్టించింది. రోజూ చింతపండు పెట్టి తోమినా అక్షరం చెక్కుచెదరలేదు. మెడ మీది గుర్తు ఆ చెంబు మీది పేరులాంటిది. ఉక్కు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే అచ్చుతో లోతుగా కొట్టేశారు. ఓడ అలా కాదు. కత్తి తయారయ్యాక, ఆమ్లం తగలకూడని చోట పూత పూసి, మిగతా చోట తగలనిచ్చారు. అది పైపొరను కాస్త తిన్నది, అంతే. గోటితో తడిమినా సరిగ్గా తెలీదు. చెంబు మీద పేరును సున్నపు నీళ్ళతో రాసినట్టు అనుకోండి. దాన్ని చింతపండుతో తోముతామా?

ఇంకో సంగతి. ఓడ మనకు కనబడేది లోతు వల్ల కాదు. ఆమ్లం తిన్న చోట మసకగా, చుట్టూ నున్నగా ఉంటుంది. ఆ తేడాయే బొమ్మ. అందుకే పాలిష్ ఎక్కువైతే అంతా ఒకటే మెరుపై ఓడ మాయమవుతుంది. వెనిగర్‌లో నానబెడితే ఉల్టా, అంతా ఒకటే మసక. తుప్పుకు వెనిగర్ వాడమనే సలహా వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బొమ్మ వేసిందే ఆమ్లం కదా, మళ్ళీ అందులోనే ముంచుతారా?

పైగా చెంప మెరిస్తే గడ్డం బాగా గీస్తుందా? కత్తిని సానరాయి మీద పడుకోబెట్టి చూపిస్తాను. రాయికి తగిలేది వెన్ను, అంచు, ఈ రెండే. చెంప మధ్యలో పల్లంగా ఉంది, ఓడ ఆ పల్లంలో ఉంది. పదునుకు దాన్ని ముట్టుకోనే అక్కర్లేదు.

ఇప్పుడు పని. తుప్పు మీద మెషిన్ ఆయిల్ రాసి రాత్రంతా వదిలేశాను. అంచు నాకు అవతల ఉండేలా పట్టుకుని, వెదురు పుల్ల మొనతో ఓడ గీతల వెంబడే మెల్లగా, గీతలకు అడ్డంగా కాకుండా.

(దగ్గరగా: తెరచాప మూల)

చూశారా, కాఫీ పొడి ముద్దలా వస్తోంది. దూదితో తుడవండి, మళ్ళీ నూనె, మళ్ళీ పుల్ల. ఈ ఒక్క తెరచాపకే నాకు నలభై నిమిషాలు పట్టింది. దూదికి ఎరుపు అంటడం ఆగిందా, మీరూ ఆగండి. కింద నల్లగా మిగిలినదాన్ని అలాగే ఉండనివ్వండి. చెంబు మీది పేరు కూడా గీతల్లో నలుపు ఉంటేనే కదా చదవగలిగేది.

గీతల్లో బంగారు పూత ఉంటే పుల్ల కూడా వద్దు. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే. పాలిష్ తగిలితే ఆ బంగారం గుడ్డకే వచ్చేస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. బొమ్మ మీద టేపు అంటించి, చుట్టుపక్కల మాత్రం అతి సన్నని స్టీల్ ఉన్నితో, నూనె వేసి, చేత్తోనే రుద్దండి. బఫింగ్ చక్రం, అంటే మెషిన్ మీద తిరిగే పాలిష్ చక్రం, వద్దు. అంచు కాగితంలా పలచన, వేడెక్కితే ఉక్కు బిగువు పోతుంది. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, సానరాయి, తోలుపట్టీ. వాటి గురించి ఇంకో వీడియో చేస్తాను.

పిడి సెల్యులాయిడ్‌దైతే, అంటే పాతకాలపు ప్లాస్టిక్‌దైతే, మాత్రం జాగ్రత్త. అది పాతబడి కుళ్ళితే ఆమ్లపు ఆవిరి వదులుతుంది, మీరు ఇంత కష్టపడి తీసిన తుప్పు మళ్ళీ పడుతుంది. అలాంటి కత్తిని మిగతావాటితో ఒకే పెట్టెలో పెట్టకండి. పిడి మార్పించండి, చెంపకు పలచగా నూనె రాసి ఉంచండి.