ముందు కాయిల్, ఆ తర్వాతే ఫ్లేవర్: మూడు ఈ-లిక్విడ్‌లు, రెండు వేప్‌లు

నమస్తే. టేబుల్ మీద ఇవాళ రెండు వేప్‌లు, అంటే ఈ-సిగరెట్లు, వాటిలో పోసుకునే ఈ-లిక్విడ్ బాటిళ్లు మూడు ఉన్నాయి. వేప్‌లలో ఒకటి జేబులో పట్టే చిన్న పాడ్. రెండోది ఇదిగో ఈ బండ, రెండు బ్యాటరీలుండే పెద్ద పరికరం, మాడ్ అంటారు, పైన లిక్విడ్ పోసే గాజు ట్యాంక్. ఏ బాటిల్ దేనికి సరిపోతుంది, తారుమారుగా పోస్తే ఏమవుతుంది, అదే చూద్దాం. లేబుళ్ల మీద కంపెనీ పేరు కనపడకుండా టేపు అంటించాను. కంపెనీ ఏదైనా మనం చదవాల్సిన అంకెలు అవే కాబట్టి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మీకు సిగరెట్ అలవాటు లేకపోతే వీడియో ఇక్కడే ఆపేయండి, నేనేమీ అనుకోను. లేని నికోటిన్ అలవాటును కొని తెచ్చుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు. ఊపిరితిత్తులకు ఇది మేలు చేసే వస్తువేమీ కాదు. మైనర్లయితే అసలు ఇటు చూడనే వద్దు. కొన్ని దేశాల్లో వీటి అమ్మకమే నిషేధం, కొన్ని చోట్ల 21 ఏళ్లు నిండాలి. మీరున్న చోట చట్టం ఏమంటుందో చూసుకోండి. నేను సిగరెట్ మానేద్దామని ఇటు వచ్చినవాణ్ని. అలా వచ్చేవాళ్ల కోసమే ఈ వీడియో.

నా మొదటి బాటిల్ కథ చెప్తాను. కొనేటప్పుడు చూసింది ఒక్కటే, డబ్బా మీద పుదీనా ఆకు బొమ్మ. ఇంటికొచ్చి పాడ్‌లో పోశాను. రెండు దమ్ములు బాగానే ఉన్నాయి. మూడో దమ్ముకి గొంతులో గుడ్డ కాలిన కంపు. కళ్లల్లో నీళ్లొచ్చేశాయి. లోపల లిక్విడ్‌ని వేడిచేసే కాయిల్ పాడైపోయిందనుకుని కొత్తది వేశాను. సాయంత్రానికి అదీ మాడింది. ఆ రాత్రంతా పాడ్ కంపెనీని తిట్టుకున్నాను. తీరా చూస్తే పాడ్ బాగానే ఉంది, లిక్విడూ బాగానే ఉంది. వాటికి జోడీ కుదరలేదు, అంతే.

ఎందుకు కుదరలేదో చూపిస్తాను. ఈ బాటిళ్లలో ముఖ్యంగా ఉండేవి నాలుగు: పీజీ, వీజీ, ఫ్లేవర్, నికోటిన్. పీజీ అంటే ప్రొపైలిన్ గ్లైకాల్. పల్చగా ఉంటుంది, ఫ్లేవర్‌ని బాగా మోస్తుంది, గొంతుకి సిగరెట్ లాంటి దెబ్బ తగిలేది నికోటిన్‌తో పాటు దాని వల్ల కూడా. వీజీ అంటే వెజిటబుల్ గ్లిజరిన్. చిక్కగా, కొంచెం తియ్యగా ఉంటుంది. దట్టమైన పొగ దాని పనే. పొగ అంటున్నాను కానీ నిజానికి అది ఆవిరి, ఏదీ కాలి వచ్చేది కాదు. అలవాటు కొద్దీ నోటికి పొగ అనే వస్తుంది.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఎడమ చేతిలోది 50/50, సగం పీజీ, సగం వీజీ. కుడి చేతిలోది 70/30, అంటే 70 పాళ్లు వీజీ. రెండింటిలోనూ పైన కొంచెం గాలి ఉంది కదా. ఒకేసారి తలకిందులు చేస్తున్నాను. బుడగని చూడండి. ఎడమ చేతిలోది చటుక్కున పైకొచ్చేసింది. కుడి చేతిలోది చూడండి... ఇంకా వస్తోంది... ఆముదంలో చిక్కుకున్నట్టు... ఆ, ఇప్పుడొచ్చింది. లేబుల్ చినిగిపోయిన బాటిల్ దొరికినా ఈ చిన్న పరీక్షతో సుమారుగా కనిపెట్టేయొచ్చు.

ఇది నేను కోసి తెరిచిన పాత పాడ్ కాయిల్. మధ్యలో సన్నటి తీగ, దాని చుట్టూ దూది. పక్కన చూడండి, గుండుసూది తలంత రంధ్రాలు. లిక్విడ్ లోపలికి వెళ్లే దారి అదొక్కటే. మనం దమ్ము లాగినప్పుడు తీగ వేడెక్కి దూదిలోని లిక్విడ్‌ని ఆవిరి చేస్తుంది. ఆవిరైనంత మళ్లీ ఆ రంధ్రాల్లోంచి రావాలి. ఇందాకటి రెండో బుడగ గుర్తుందా? అంత బద్ధకంగా కదిలే లిక్విడ్ ఈ రంధ్రాల్లోంచి ఎప్పటికి రావాలి? అది వచ్చేలోపు మనం ఇంకో దమ్ము లాగేస్తాం. దూది ఎండిపోయి మాడుతుంది. ఇదిగో, తీగని ఆనుకున్న చోట దూది నల్లగా అయిపోయింది, అంచు ఇంకా తెల్లగానే ఉంది. ఒకసారి మాడిన దూది మళ్లీ బాగుపడదు. కడిగినా కంపు పోదు, పారేయాల్సిందే.

తారుమారు చేసినా తిప్పలే. ఈ ట్యాంక్ కాయిల్ పక్కన రంధ్రాలు ఎంత పెద్దవో చూడండి. ఇందులో 50/50 పోస్తే దూది ఆపలేదు. లోపల గుడగుడమంటుంది, కింద గాలి రంధ్రాల్లోంచి కారుతుంది, దమ్ము లాగితే వేడి చుక్కలు నాలుక మీద చిమ్ముతాయి. చొక్కా జేబు కూడా తడుస్తుంది.

అందుకే ముందు చదవాల్సింది కాయిల్ మీద ఉన్న అంకె. ఓమ్ (Ω) గుర్తు పక్కన ఉంటుంది, కాయిల్ తీగ నిరోధం అది. 0.8 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, సిగరెట్ లాగినట్టు ముందు నోట్లోకి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి లాగే రకం. 10 నుంచి 20 వాట్లలో పనిచేస్తుంది. దానికి 50/50. 60 వీజీ దాకా పర్లేదు. 0.5 కంటే తక్కువైతే ఒకేసారి ఛాతీలోకి లాగే రకం, 40 వాట్లు, ఆపైన. దానికి 70 వీజీ, అంతకంటే చిక్కనిదైనా సరే. మధ్యలో 0.6 లాంటివి ఉన్నాయే, వాటితోనే కొంచెం తలనొప్పి. నా మటుకు నేను 60 వీజీతో మొదలుపెట్టి చూస్తాను. ఇంకో సంగతి. కొన్ని లేబుళ్ల మీద పీజీ ముందు రాస్తారు, కొన్నింటి మీద వీజీ ముందు. 30/70, 70/30 ఒకటే కావచ్చు. అంకె పక్కనున్న అక్షరాలు చూడకుండా కొనకండి.

పీజీ గొంతుకి పడనివాళ్లు కొందరుంటారు. నోరు ఎండిపోవడం ఎవరికైనా మామూలే, నీళ్లు తాగితే సరిపోతుంది. గొంతు రోజూ మంట పుడుతుంటే మాత్రం పీజీ తక్కువున్న దానికి, దానికి తగ్గ కాయిల్‌కి మారండి.

ఇక అసలు గొడవ, నికోటిన్. మూడు బాటిళ్లూ వరసగా పెడుతున్నాను. మొదటిది 50/50, 20 మిల్లీగ్రాముల సాల్ట్. రెండోది 70/30, 3 మిల్లీగ్రాములు. మూడోది 60 వీజీ, 12 మిల్లీగ్రాములు, సాల్ట్ కాదు, ఫ్రీబేస్, ఆ తేడా ఇప్పుడే చెప్తాను. ఈ అంకెలన్నీ ఒక్కో మిల్లీలీటరులో ఉండే నికోటిన్‌వి. కొన్ని చోట్ల శాతంలో రాస్తారు. 2 శాతమంటే 20 మిల్లీగ్రాములు, 5 శాతమంటే 50. శాతం చూసి ఐదే కదా అనుకుంటే కొంప మునుగుతుంది. యూరప్‌లో 2014 నాటి పొగాకు ఉత్పత్తుల నిబంధనల ప్రకారం 20 మిల్లీగ్రాములకు మించకూడదు, నికోటిన్ ఉన్న బాటిల్ 10 మిల్లీలీటర్లు దాటకూడదు. అన్ని దేశాల్లోనూ ఈ హద్దు లేదు.

ఫ్రీబేస్ అంటే మామూలు నికోటిన్. మోతాదు పెరిగేకొద్దీ గొంతు గీరుకుపోతుంది. దానికి బెంజోయిక్ యాసిడ్ లాంటిది కలిపితే సాల్ట్ అవుతుంది. అప్పుడు 20 కూడా గొంతులో మెత్తగా దిగిపోతుంది. ఆ మెత్తదనమే ప్రమాదం కూడా, ఎంత లాగామో తెలీదు. సాల్ట్ చిన్న పాడ్ కోసమే. ఒకసారి నిద్రమత్తులో ఈ 20 బాటిల్‌ని ఆ పెద్ద ట్యాంక్‌లో పోశాను. రెండే దమ్ములు. తల తిరిగింది, చెమటలు పట్టాయి, వాంతి వచ్చేలా అయింది, అరగంట నేల మీద పడుకున్నాను. పాడ్‌తో పోలిస్తే ఆ ట్యాంక్ ఒక్క దమ్ములో ఎన్నో రెట్లు ఎక్కువ లిక్విడ్‌ని ఆవిరి చేస్తుంది. 20 బాటిల్ పెద్ద ట్యాంక్ దగ్గరికే పోకూడదు. ఈ వీడియోలో ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు, అది ఇదే.

అలాగని 3 అంటే తక్కువని మురిసిపోకండి. లెక్క వేద్దాం. పాడ్‌లో 2 మిల్లీలీటర్లు పడుతుంది. 20 బాటిల్‌తో ఒక పాడ్ ఖాళీ చేస్తే లిక్విడ్‌లో 40 మిల్లీగ్రాములు. పెద్ద ట్యాంక్‌తో రోజుకి 10 మిల్లీలీటర్లు ఊదేసేవాళ్లు నాకు తెలుసు. 3 బాటిలే అయినా 30 మిల్లీగ్రాములు. మోతాదు చూసుకునేటప్పుడు బాటిల్ మీది అంకెనీ, రోజుకి ఆవిరిగా పీల్చే మిల్లీలీటర్లనీ కలిపి చూడాలి.

మరి ఎంతతో మొదలుపెట్టాలి? రోజుకి పెట్టె సిగరెట్లు తాగేవాళ్లు భయపడి 3 తీసుకుని పాడ్‌లో పోస్తే ఆశ తీరదు, రెండో రోజుకే మళ్లీ సిగరెట్ అంటిస్తారు. నాకు 3 కాదు, 6 తీసుకుంటే అలాగే అయింది. తర్వాత పాడ్‌లో 20 సాల్ట్‌కి వెళ్లాకే సిగరెట్ ఆగింది. అక్కడి నుంచి 10కి దిగాను. మీరు తక్కువ తాగేవాళ్లైతే 10తోనే మొదలుపెట్టండి. తల తిరిగినా, కడుపులో తిప్పినా డివైజ్ పక్కన పెట్టేయాలి, అది ఎక్కువైందన్న గుర్తు.

పెద్ద బాటిళ్ల గురించి చాలామందికి అనుమానం. 60 మిల్లీలీటర్ల బాటిల్‌లో 50 మిల్లీలీటర్లే ఎందుకు పోశారు, మోసమా అని. మోసం కాదు. దాన్ని షార్ట్‌ఫిల్ అంటారు, అందులో నికోటిన్ ఉండదు. మిల్లీలీటరుకి 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండే 10 మిల్లీలీటర్ల చిన్న సీసా, నికోటిన్ షాట్ అంటారు, విడిగా కొని కలుపుకోవాలి. 18ని 10తో గుణిస్తే 180, 60 మిల్లీలీటర్లకి పంచితే 3. ఆ ఖాళీ దానికే. కలిపేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. చర్మం మీద పడితే వెంటనే సబ్బుతో కడుక్కోండి, నికోటిన్ చర్మంలోంచి కూడా లోపలికి వెళ్తుంది.

ఫ్లేవర్ దగ్గరికి ఇప్పటికి వచ్చాం. ఇది మీ నాలుక గొడవ, నేను తీర్పు చెప్పను. కాయిల్ వైపు నుంచి మాత్రం చెప్తాను. తియ్యటి డెజర్ట్ రకాల్లో సుక్రలోజ్ అనే తీపి పదార్థం వేస్తారు, అది తీగ మీద మాడి నల్లటి పెచ్చు కడుతుంది. అదే రకం కాయిల్‌తో పలచటి మెంథాల్ నాకు రెండు వారాలు వచ్చింది, కస్టర్డ్ నాలుగు రోజులు. దాల్చినచెక్క, నిమ్మజాతి ఫ్లేవర్లు కొన్ని ప్లాస్టిక్ ట్యాంకులను పగలగొడతాయి, వాటికి గాజు వాడండి. లిక్విడ్ రంగు ముదిరిందని కంగారుపడకండి, గాలి తగిలితే నికోటిన్ గోధుమరంగుకి తిరగడం మామూలే. గడువు తేదీ మాత్రం చూడండి.

ఒక విషయంలో మాత్రం మొహమాటం లేదు. నూనె ఉన్నది ఏదైనా సరే వద్దు. వంటింటి ఎసెన్సులు, సువాసన నూనెలు కలిపి ఇంట్లో తయారుచేసేవాళ్లున్నారు. నూనె ఊపిరితిత్తుల్లో చేరితే ఒక రకం న్యుమోనియా వస్తుంది. 2019లో అమెరికాలో వేప్ చేసినవాళ్లు వేలల్లో ఆసుపత్రి పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి లెక్క 2,807 మంది, మరణాలు 68. ఎక్కువ కేసుల్లో కారణంగా కనిపించినవి గంజాయి నుంచి వచ్చే టీహెచ్‌సీ కార్ట్రిడ్జ్‌లు, వాటిలో చిక్కదనానికి కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అనే నూనె. అంగడి తెలియని, పదార్థాల జాబితా లేని సీసాని ఎంత చవకైనా ముట్టుకోకండి. జాబితాలో డయాసిటైల్ కనపడినా వదిలేయండి. వెన్న రుచికి వాడే ఆ పదార్థం పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తులను పాడుచేసింది.

ఇక మూడు బాటిళ్ల సంగతి. పాడ్‌కి మొదటిది, 20 సాల్ట్, నా మార్కులు దీనికే. లీకు లేదు, కాయిల్ పదో రోజుకీ బతికే ఉంది. రెండోది ట్యాంక్‌కి బాగుంది, తీపి కొంచెం మితిమీరింది. మూడోది, 12 ఫ్రీబేస్, నాకు నచ్చలేదు. పాడ్‌లో గొంతు గీరింది, ట్యాంక్‌లో ఆ మోతాదు పోయనే కూడదు. గొంతుకి గట్టి దెబ్బ కావాలనే పాత సిగరెట్ వీరులకి నచ్చొచ్చు. కొత్త కాయిల్ వేసినప్పుడు మాత్రం ఏ లిక్విడ్ అయినా దూది మీద నాలుగు చుక్కలు వేసి, పాడ్ నింపి, పది నిమిషాలు ఆగండి. కాయిల్ మీద రాసిన వాట్లలో అన్నిటికంటే తక్కువతో మొదలుపెట్టండి.

ఇదిగో, ఈ 20 బాటిల్ మూత నొక్కి తిప్పితేనే వస్తుంది, అయినా పిల్లలున్న ఇల్లు మాది. వీడియో ఆపేసి దీన్ని బీరువా పై అరలో పెట్టి తాళం వేసి వస్తాను.