ఇంజినీరింగ్ ఫిజిక్స్‌లో మార్కులు ఎక్కడ పడతాయి
(గుంటూరులో మొదటి సంవత్సరం బీటెక్ విద్యార్థులకు, తల్లిదండ్రులకు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున గేటు దగ్గర ఒక తండ్రి నన్ను ఆపి, "ఎంసెట్‌లో ఫిజిక్స్ బాగానే చేశాడండీ మావాడు, ఇక్కడ కూడా మళ్లీ ఫిజిక్సేనా?" అని అడిగారు. అవునండీ, ఫిజిక్సే. అయితే మార్కులు పడే తీరు వేరు.

ఎంసెట్‌లో, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌లో, 180 నిమిషాల్లో 160 బిట్లు. జవాబు ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. ఇక్కడ ఎలా వచ్చిందన్నదే అడుగుతారు. పది మార్కుల ప్రశ్నలో చివరి సమాధానం తప్పినా బొమ్మ సరిగ్గా వేసి, సూత్రం రాబట్టి, యూనిట్లు రాస్తూ వచ్చినవాళ్లకు మార్కులు పడతాయి. సమాధానం ఒక్కటే రాసి పెట్టెలో బిగించినవాళ్లకు దాదాపు ఏమీ రావు. మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్షలో, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. తెలివి లేక కాదు, రెండేళ్ల అలవాటు.

మన కాలేజీ జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలోది. వందలో 30 ఇంటర్నల్, అంటే కాలేజీలోనే వేసే మార్కులు; 70 యూనివర్సిటీ పరీక్ష. పాసవ్వాలంటే యూనివర్సిటీ పరీక్షలో 35 శాతం, మొత్తం మీద 40 రావాలి. హాజరు 75 శాతం ఉండాలి.

మిడ్‌ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఏటా పిల్లలు దీనికే టెన్షన్ పడతారు. రెండు మిడ్‌లుంటాయి. వాటికి సరాసరి తీయరు. ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం లెక్క. మొదటిదాంట్లో 30కి 12 వచ్చి, రెండోదాంట్లో 26 వచ్చాయనుకోండి. సరాసరి అయితే 19. మన లెక్కలో 20.8కి 2.4 కలిపి 23.2. కాబట్టి మొదటి మిడ్ పోయిందని హాస్టల్ గదిలో తలుపేసుకుని కూర్చోవద్దు. ఆ పేపర్ పట్టుకుని నా దగ్గరకు రండి, ఎక్కడ పోయాయో ఇద్దరం కలిసి చూద్దాం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు నాతో తెలుగులోనే మాట్లాడండి. విషయం అర్థమైతే ఇంగ్లీషు వాక్యాలు రాయడం నేను నేర్పిస్తాను.

ఇక ల్యాబ్. సబ్జెక్టుకి ఎంత బరువో చెప్పేవి క్రెడిట్లు. థియరీకి మూడు క్రెడిట్లు, ల్యాబ్‌కి ఒక్కటే. ఒక్క క్రెడిటే కదా అని దాన్ని చిన్నచూపు చూస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. నేను చదువుకున్న చోట సీనియర్ల రికార్డు తెచ్చుకుని చూసి రాయడమే పద్ధతి. డిగ్రీ చేతికొచ్చాక కూడా నాకు వెర్నియర్, అంటే చిన్న చిన్న కొలతలు చూసే స్కేలు, చదవడం సరిగ్గా రాలేదు.

మా దగ్గర న్యూటన్ వలయాల ప్రయోగం ఉంది. గాజు పలక మీద కటకం పెట్టి వెలుగు వేస్తే కనిపించే గుండ్రటి చారలే ఆ వలయాలు. సోడియం దీపం వెలుగులో ట్రావెలింగ్ మైక్రోస్కోపుతో వలయాల వ్యాసాలు కొలిచి, ఆ వెలుగు తరంగదైర్ఘ్యం కనుక్కోవాలి. పుస్తకంలో 5893 ఆంగ్‌స్ట్రామ్‌లని ఉంటుంది. ఒకసారి ఒక అబ్బాయి సరిగ్గా 5893 తెచ్చాడు. అతని రీడింగులతోనే నేను మళ్లీ లెక్క వేస్తే 6400 దాటింది. పక్క బల్ల మీద అమ్మాయికి 5620 వచ్చింది. ఆమె అబ్జర్వేషన్ పుస్తకం మార్జిన్‌లో పెన్సిల్‌తో ఇలా ఉంది: "12వ వలయం దాటిపోయాను, స్క్రూ వెనక్కి తిప్పాను." తప్పు ఎక్కడ జరిగిందో ఆ ఒక్క వాక్యంలో ఉంది. స్క్రూని ఒకే దిక్కుకు తిప్పుతూ పోవాలి. దిక్కు మారిస్తే స్క్రూ గాడుల మధ్య ఉన్న వదులు వల్ల స్క్రూ తిరిగినా మైక్రోస్కోపు వెంటనే కదలదు, రీడింగు తేడా వస్తుంది. ఆమె తేడా దాదాపు 5 శాతం. ఆ రోజు ప్రయోగానికి ఆమెకు పూర్తి మార్కులు వేశాను. అబ్బాయి చేత మళ్లీ చేయించాను. రెండోసారి 5700 వచ్చింది, అతని ముఖం చూడాలి మీరు!

మన మిర్చి యార్డుకి కాయ తెచ్చే రైతులు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. బస్తా పెట్టకముందు కాటా సున్నా దగ్గర ఉందో లేదో చూస్తారు కదండీ. మేం ల్యాబ్‌లో మొదట నేర్పేది అదే. పరికరానికి ముందే ఉన్న తేడా ఎంతో చూసి రాసుకోవడం. ఇంటికెళ్లాక మీ పిల్లల్ని "ఎన్ని మార్కులొచ్చాయి" అని అడిగే ముందు "ఇవాళ ఏం కొలిచావు" అని అడగండి.

సోమవారం మధ్యాహ్నం మొదటి బ్యాచ్. అబ్జర్వేషన్ పుస్తకం, స్కేలు, పెన్సిల్, కాలిక్యులేటర్ తెచ్చుకోండి. రీడింగులు ఆ అబ్జర్వేషన్ పుస్తకంలోనే నేరుగా రాయాలి, చిత్తు కాగితం మీద రాసి తర్వాత ఎక్కించడం ఉండదు. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన రాయండి, వైట్‌నర్ వద్దు. సోడియం దీపం పూర్తిగా వెలగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి మీరు వచ్చేసరికే వెలిగించి ఉంచుతాం.