మోషే పక్కన అహరోను

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకి, సండేస్కూల్ టీచర్లందరికీ. మోషే, గిద్యోను, యిర్మీయా ముగ్గురి గురించీ చెప్పాలని రాసుకొచ్చాను గానీ మోషే దగ్గరే ఆగిపోతానేమో, మూడు వారాలుగా మనసులో ఒక బాధ ఉంది.

నిర్గమకాండం 3, 4 అధ్యాయాలు తీయండి. ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయుల్ని విడిపించమని మండే పొద దగ్గర దేవుడు పిలిస్తే, మోషే మొదట "నేను ఎంతటివాడను" అన్నాడు. తర్వాత ఆ ఇశ్రాయేలీయులు నన్ను నమ్మరన్నాడు. తర్వాత "నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను" అన్నాడు. చివరికి వేరే ఎవరినైనా పంపమన్నాడు. 80 ఏళ్ల మనిషి, ఫరో ఇంట్లో పెరిగినవాడు!

ఇక్కడ గమనించండి. దేవుడు ఆయన నాలుక బాగుచేసినట్టు రాసి లేదు. "నిశ్చయముగా నేను నీకు తోడైయుందును" అన్నాడు, నీ నోటికి తోడుగా ఉంటానన్నాడు, కోపం వచ్చినా పిలుపు వెనక్కి తీసుకోలేదు, అన్న అహరోనును తెచ్చి పక్కన నిలబెట్టాడు.

మన సంఘంలో ఒక చెల్లి ఉంది. పగలంతా మిషను కుడుతుంది, ఆదివారం చిన్నపిల్లల క్లాసు చెబుతుంది. ఏ పిల్లకి జ్వరమో, ఏ పిల్లాడి నాన్న తాగొచ్చి కొట్టాడో ఆమెకే తెలుసు. మొన్న ఆరాధనలో దానియేలు గ్రంథం చదువుతూ నెబుకద్నెజరు అనే పేరు దగ్గర తడబడితే వెనక ఇద్దరు నవ్వారు. అంతే, ఆమె రావడం మానేసింది. వెళ్లి అడిగితే "అక్కా, నాకు చదువు లేదు, చదువు వచ్చినవాళ్లకి ఆ క్లాసు ఇవ్వండి" అంది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. వెనక్కి తిరిగి ఒక్క మాట అనలేదు. అది నన్ను తినేస్తోంది.

నేను స్త్రీల కూడికలో మొదటిసారి వాక్యం చెప్పినప్పుడు టెన్షన్‌తో గొంతు పెగల్లేదు. మా అత్తగారు, అక్షరం ముక్క రాని మనిషి, లేచొచ్చి నా పక్కన నిలబడి "చెప్పమ్మా, నేను ప్రార్థన చేస్తున్నా" అన్నారు. నాకు అహరోను ఆవిడే.

1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు తిరునెల్వేలి తమిళుడు. మన భాష నేర్చుకుని మన వాళ్ల మధ్య సేవ చేశారు. ఆయన తడబడినప్పుడు మన పెద్దలు నవ్వి ఉంటే?

దేవుణ్ని నమ్ముకో, ధైర్యంగా ఉండు అని ఆ చెల్లికి చెప్పడం తేలికే. దేవుడు పంపిన తోడు మనమే అయ్యుండి కూర్చున్న చోటినుంచి కదలకపోతే ఆమె ఎలా నమ్మాలి? బాగా చదవగలిగినవాళ్లు చేతులెత్తండి. చూడండి ఎంతమందో! మీలో ఒక్కరు వారానికి ఒక గంట ఆమె పక్కన కూర్చుని ఆ వారం పాఠం కలిసి చదవండి.

గిద్యోను, యిర్మీయా ఇంకోసారి. సాయంత్రం ఆరింటికి ఆమె ఇంటికి వెళ్తున్నాను, చర్చి గేటు దగ్గర ఉంటాను. ఎవరొస్తారు?